పశువుల ట్రెవిస్: 14 నెలలు వాడాక చెబుతున్న మాట

నా కుడివైపు మూడు పక్కటెముకలు విరిగిన తర్వాతే మా డెయిరీకి ఈ ట్రెవిస్, అంటే పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, వచ్చింది. ముందే వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మా దగ్గర 60 దాకా పశువులున్నాయి. ఎక్కువ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు, ఓ పది గేదెలు. టీకాలైనా, చూడి పరీక్షలైనా, ఎదసూదులైనా (కృత్రిమ గర్భధారణ), గిట్టలు చెక్కడమైనా, పశువును పట్టి నిలబెట్టే మనిషిని నేనే. 11 ఏళ్ళుగా ఇదే పని.

ఆ రోజు గాలికుంటు టీకాలు వేస్తున్నాం. 41వ నంబరు ఆవుకు నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది కాబట్టి చుక్కావు అంటాం. చాలా సాధువు. చిన్నపిల్లలు వెళ్ళి గంగడోలు నిమిరినా కదలదు. దాన్ని గోడ పక్కన గుంజకు పొట్టిగా కట్టి, గోడకూ దానికీ మధ్యన నేను నిలబడ్డాను. సూది దిగగానే అది తన్నలేదు, కుమ్మలేదు. నొప్పికి ఒక్క అడుగు పక్కకు వేసింది, అంతే. ఆ పక్కన నేనున్నాను, నా వెనకాల గోడ ఉంది. 500 కిలోల పైన ఉండే పశువు అది. ఎండుపుల్ల విరిగినట్టు లోపల చప్పుడు వినిపించింది. అరుద్దామంటే ఊపిరి లేదు. డాక్టరు గారు దాన్ని అదిలించి అవతలికి జరిపేసరికి రెండు మూడు సెకన్లే పట్టి ఉంటుంది. నాకు మాత్రం ఆ గోడ గరుకు ఇంకా వీపుకు తెలుస్తూనే ఉంటుంది.

ఆసుపత్రిలో ఛాతీకి గట్టిగా కట్టు కడతారనుకున్నాను. కట్టలేదు. ఛాతీ బిగించి కడితే ఊపిరి పైపైనే ఆడుతుందట, కఫం పేరుకుని నిమోనియా వస్తుందట. నొప్పి మాత్రలు వేసుకుని గంటగంటకూ లోతుగా ఊపిరి తీయమన్నారు. దగ్గు వచ్చినప్పుడు దిండును పక్కటెముకలకు అదుముకుని దగ్గమన్నారు. ఆరు వారాలు ఆ దిండు నా చంకలోనే ఉంది. రాత్రిపూట పక్కకు తిరగాలంటే ముందు ఊపిరి బిగబట్టి, మోచేయి ఆన్చి, అప్పుడు తిరిగేవాణ్ణి.

మంచం మీద పని లేదు కదా, ఇన్నేళ్ళలో మాలో ఎవరెవరికి ఏ దెబ్బలు తగిలాయో వరుసగా గుర్తు చేసుకున్నాను. ఒకతనికి పలుపును చేతికి చుట్టుకుని పట్టుకోవడం అలవాటు. గేదె పడ్డ ఒకటి బెదిరి పరుగెత్తితే చూపుడువేలు చర్మం మొత్తం తాడుతోపాటు ఊడి వచ్చింది. ఇంకొకతనికి మోకాలి మీద తన్ను. ఇంకొకతనికి గేటు ఎగిరి గడ్డానికి తగిలింది. ఒక్కొక్కటే తలచుకుంటుంటే ఒక సంగతి అర్థమైంది. తన్నుబోతు అని పేరున్న పశువు దగ్గర మాకు తగిలిన దెబ్బలు తక్కువ, దాని దగ్గర జాగ్రత్తగా ఉంటాం కాబట్టి. సాధువు అనుకున్న వాటి దగ్గరే ఎక్కువ తగిలాయి. ప్రతిసారీ పశువు కదలడానికి ఉన్న ఒకే ఒక్క దారిలో మనిషి నిలబడి ఉన్నాడు. పని మీదికి తిరిగి వెళ్ళగానే యజమానితో అదే చెప్పాను. "అయ్యా, మంచి ఆవును చూసి ధైర్యపడి లాభం లేదు, మేం నిలబడే చోటు మారాలి" అన్నాను. ఆయన కాదనలేదు.

ఇక వస్తువు సంగతి. ఇది ఇనుప పైపులతో చేసిన ట్రెవిస్. జింకు పూత ఉంది కాబట్టి పేడకూ మూత్రానికీ ఇంతవరకు తుప్పు పట్టలేదు. ముందు మెడను పట్టే హెడ్ గేటు. వెనకాల పశువు వెనక్కి రాకుండా తొడల వెనక పడే అడ్డకమ్మీ. రెండు పక్కల గోడలు లోపలికి జరుగుతాయి, పశువు లావును బట్టి బిగించుకోవచ్చు. కింది పలకలు విడిగా తెరుచుకుంటాయి, పొదుగు చూడడానికీ గిట్టలకూ. మెడ దగ్గర పై పలక కిందికి మడుచుకుంటుంది. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. అది లేని ట్రెవిస్‌లో సూది వేయాలంటే కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టాలి. పశువు ఒక్కసారి ముందుకు ఊగితే ముంజేయి కమ్మీకీ దాని భుజానికీ మధ్య ఇరుక్కుని విరుగుతుంది. మీరు ఏ కంపెనీది కొన్నా సరే, మెడ దగ్గర తెరుచుకునే పలక ఉందా లేదా చూడండి.

నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది వెనకాల ఉన్న చిన్న గది. పశువు వెనక భాగానికీ, దాని వెనక పశువులు ఒక్కొక్కటిగా వచ్చే ఇరుకు దారికీ మధ్య మనిషి నిలబడే చోటు అది. దానికి పక్కన తలుపుంది. ఆ తలుపు తెరవగానే అదే తలుపు ఇరుకు దారికి అడ్డంగా వెళ్ళి గొళ్ళెం పడుతుంది. అంటే డాక్టరు గారు లోపలికి వెళ్ళాలని తలుపు తీశారంటే, వెనకాల వరుసలో ఉన్న పశువుకు దారి మూసుకున్నట్టే. మరిచిపోవడానికి వీల్లేదు. చూడి పరీక్ష చేసే మనిషి చెయ్యి భుజం దాకా పశువు లోపల ఉంటుంది, ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, వెనక ఏం వస్తోందో చూడలేడు. ఇదివరకు మా దగ్గర వెనకాల ఒక వెదురు బొంగు అడ్డం పెట్టేవాళ్ళం. ఒకసారి వెనక ఆవు ఆ బొంగు కింద తల దూర్చి ముందుకు తోసింది, డాక్టరు గారు రెండింటి మధ్యన ఇరుక్కున్నారు. దెబ్బ తగల్లేదు కానీ ఆయన చాలాసేపు కూర్చుండిపోయారు. ఈ కొత్త తలుపు దగ్గర మొదటిసారి పని ముగించుకుని బయటికి వచ్చాక, గొళ్ళెం మీద చెయ్యి వేసి రెండుసార్లు ఊపి చూశారు. ఏమీ అనలేదు. ఆ తర్వాతి నుంచి పరీక్షలన్నీ దీనిలోనే చేస్తానని పట్టుబడుతున్నారు. భుజం నొప్పి కూడా తగ్గిందన్నారు. పశువు అటూ ఇటూ ఊగుతుంటే లోపలున్న చెయ్యి దానితోపాటు మెలిపడుతుంది. ఏళ్ళ తరబడి అలా చేసేవాళ్ళకు భుజాలు పాడవడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిందే. పశువు ఏకంగా కూలబడితే చెయ్యి విరగడమూ ఉంది.

మొదటి రెండు వారాలు మాత్రం దీన్ని తిట్టుకున్నాను. ఒక్క ఆవూ లోపలికి రాలేదు. ముల్లుగర్ర పట్టుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా పట్టుకోవాల్సి వచ్చింది. పొడిచిన కొద్దీ వెనక్కి తన్నాయి. ఆవు తన్నే తీరు గుర్రం లాంటిది కాదు. కాలును ముందుకు తెచ్చి, పక్కకు తిప్పి, అర్ధచంద్రాకారంగా వెనక్కి విసురుతుంది. కాబట్టి పక్కన ఉన్నాం కదా అని ధైర్యంగా ఉండకూడదు. దానికి ఒళ్ళు ఆనించి దగ్గరగా ఉండాలి, లేదా కాలికి అందనంత దూరం జరగాలి. మధ్యలో నిలబడితే ఎముక మీదే పడుతుంది.

అప్పుడు టెంపుల్ గ్రాండిన్ పద్ధతి గుర్తొచ్చింది. ఆవిడ పశువుల ప్రవర్తన మీద పనిచేసిన శాస్త్రవేత్త, కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. పశువు ఎందుకు ఆగిపోతుందో తెలియాలంటే ఆ దారిలోకి మనమే దిగి, దాని కళ్ళ ఎత్తులో చూడాలని ఆవిడ చెబుతారు. ఒక శిక్షణలో విన్న మాట ఇది. ఒక పొద్దున అందరూ పాల పనిలో ఉన్నప్పుడు నేను ఆ ఇరుకు దారిలో వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నడిచాను. నిలబడితే కనబడనివన్నీ కనబడ్డాయి. హెడ్ గేటు గొలుసు కొన ఒకటి వేలాడుతూ గాలికి ఊగుతోంది. పొద్దుటి ఎండ మీట మీద పడి సూటిగా కళ్ళలో కొడుతోంది. నేల మీద పైపుల నీడలు చారలు చారలుగా ఉన్నాయి. పశువుకు లోతు సరిగ్గా తెలియదు, నీడను చూసి గొయ్యి అనుకుంటుంది. చుట్టూ 300 డిగ్రీలకు పైగా కనిపిస్తుంది దానికి, సరిగ్గా వెనకాల మాత్రం ఏమీ కనబడదు. మేమేమో అక్కడే నిలబడి పొడుస్తున్నాం.

గొలుసు కట్టేశాను. మీటకు గోనెపట్టా చుట్టాను. ఇరుకు దారి పక్కలను పాత కన్వేయర్ బెల్టు ముక్కలతో మూశాను, నీడలు పోయాయి. తోలేవాడు వెనక నుంచి కాకుండా భుజం పక్క నుంచి నడవడం నేర్చుకున్నాం. పశువు భుజాన్ని దాటి మనం వెనక్కి నడిస్తే అది ముందుకు వెళుతుంది, మనం దాని భుజం కన్నా ముందుకు వస్తే వెనక్కి జరుగుతుంది. మూడో రోజుకు ముల్లుగర్ర మూలన పెట్టేశాం. ఇప్పుడు 60 పశువులకు టీకాలు వేయడం ఒక పూటలో అయిపోతోంది. అరుపులు లేవు.

చప్పుడు గురించి కంపెనీవాళ్ళు అస్సలు ఆలోచించలేదు, ఇది నా మొదటి ఫిర్యాదు. గేటు మూసుకున్నప్పుడు ఇనుము ఇనుముకు కొట్టుకుని ఖణేల్‌మంటుంది. పశువుల చెవి సన్నటి, తీక్షణమైన చప్పుళ్ళకు మనకన్నా చాలా చురుకు. 8,000 హెర్ట్జ్ దగ్గర వాటికి బాగా వినబడుతుంది, మన చెవి చురుకంతా అంతకన్నా చాలా కింద ఉంటుంది. లోపలున్నది ఉలిక్కిపడితే బయట ఉన్నది కూడా బెదురుతుంది. మేమే రబ్బరు ముక్కలు కోసి బోల్టులతో బిగించుకున్నాం. తయారు చేసేటప్పుడే పెట్టడానికి ఏం కష్టం? నేల కూడా అంతే. చారల రేకు పరిచారు. పేడ పడితే జారుతోంది. పశువు కాలు జారిందంటే భయపడి కొట్టుకుంటుంది. రబ్బరు మ్యాట్ వేసుకున్నాం.

రెండో ఫిర్యాదు పెద్దది. హెడ్ గేటు మీట పొడవుగా, సరిగ్గా మనిషి ముఖం ఎత్తులో ఉంది. గొళ్ళెం సగం పడినప్పుడు పశువు ముందుకు దూకితే మీట వెనక్కి ఎగిరి వస్తుంది. మా కుర్రాడికి దవడ మీద తగిలింది, రెండు పళ్ళు కదిలాయి, నాలుగు కుట్లు పడ్డాయి. దెబ్బలు తప్పించడానికి తెచ్చుకున్న వస్తువే దెబ్బ కొడితే ఎలా ఉంటుంది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తెమ్మన్నది నేనే కదా. ఫోన్ చేస్తే "మీట పక్కన నిలబడమని చెప్పండి" అన్నారు. పక్కన నిలబడితే చెయ్యి అందదు. చివరికి మా వెల్డర్ చేత మీటను కోయించి, కిందికి లాగే రకంగా మార్పించాం. కొనేముందు ఖాళీ ట్రెవిస్ చూసి వచ్చేయకండి. పశువును లోపల పెట్టించి, మీట ఎటు ఎగురుతుందో, ఆ దారిలో మీ తల ఉంటుందో లేదో చూసుకోండి.

మూడోది ఇంకా చెప్పాలి, ఎందుకంటే అది పశువు ప్రాణానికి సంబంధించింది. ఎనిమిదో నెలలో అనుకుంటాను, ఒక గేదె గిట్టలు చెక్కుతుండగా ముందుకాళ్ళు మడిచి కూలబడింది. మెడ గేటులోనే ఉంది. మా హెడ్ గేటు పైపులు మెడ చుట్టూ వంపు తిరిగి ఉంటాయి, తల బాగా కదలకుండా పడుతుంది. అదే చిక్కు. బరువంతా గొంతు మీద పడింది. నాలుక బయటికి వచ్చింది, కళ్ళు తేలేసింది. గొళ్ళెం తీద్దామంటే దాని బరువంతా గొళ్ళెం మీదే ఉంది, రాదు. నేను రెండు చేతులతో లాగుతున్నాను. పాలు పితికే పెద్దాయన పరుగున వచ్చి "తమ్ముడూ, ముందు పక్కలు వదులు చెయ్యి" అని అరిచారు. పక్క గోడలు వదలగానే గేదె ఒళ్ళు ఒక పక్కకు వాలింది, గొళ్ళెం మీద బరువు తగ్గింది, అప్పుడు ఊడింది. గేదె అలా నేల మీదే పడుకుని బుసలు కొడుతూ ఊపిరి తీస్తుంటే నేను దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. బతికింది. నిలువు పైపుల హెడ్ గేటయితే పశువు పడుకున్నా గొంతు నొక్కుకోదు, కాకపోతే తల కొంచెం పైకీ కిందికీ ఆడుతుంది. గేదెలు ఎక్కువ ఉన్నవాళ్ళు, గిట్టల పని ఎక్కువ ఉన్నవాళ్ళు నిలువు పైపులదే తీసుకోండి. బరువు మీద ఉన్నా తెరుచుకునే గొళ్ళెం ఉందా అని గట్టిగా అడగండి. అడ్డంగా పెరిగిన కొమ్ములున్న వాటికి ఇది ఎలాగూ ఇబ్బందే, తల తిప్పి దూర్చడం అలవాటయ్యేదాకా ఓపిక పట్టాలి.

సూదుల విషయం మాత్రం కళ్ళకు కట్టినట్టు మారింది. ఇదివరకు పశువు విదిలిస్తే సూది మన చేతిలో దిగేది, దాన్ని ఎవరూ దెబ్బగానే లెక్కపెట్టేవారు కాదు. మాలో ఒకతనికి నూనెతో కలిసిన గాలికుంటు టీకా బొటనవేలిలో దిగింది. రక్తం చుక్కంతే వచ్చింది. ఆసుపత్రిలో ఏదో పూత రాసి పంపించారు. తెల్లారేసరికి వేలు నల్లబడి అరచేయి దాకా వాచింది. ఆ ఖనిజ నూనె చర్మం కింద రక్తం అందకుండా చేస్తుంది, వెంటనే సర్జన్ వేలును కోసి శుభ్రం చేయాలి. ఆలస్యమైతే వేలే పోతుంది. అతనికి వేలు దక్కింది కానీ వంగదు. ఈసుకుపోయే జబ్బు రాకుండా పెయ్యలకు వేసే బ్రుసెల్లా ఎస్19 టీకా బతికున్న క్రిములది, గుచ్చుకుంటే ఆ జబ్బే మనిషికి రావచ్చు. ఊపిరితిత్తుల జబ్బుకు వాడే టిల్మికోసిన్ మనిషి ఒంట్లోకి పోతే గుండె మీద పనిచేస్తుంది, విరుగుడు లేదు. అందుకే ఏది గుచ్చుకున్నా సీసా, దానితో వచ్చిన కాగితం జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి, "పశువుల మందు" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఈ 14 నెలల్లో మా దగ్గర ఎవరికీ సూది దిగలేదు. మెడ కదలదు కాబట్టి సూది పట్టుకున్న చెయ్యీ తొట్రుపడదు.

బిగింపు గురించి రెండు ముక్కలు. తెచ్చినవాళ్ళు మామూలు నేల మీద పెట్టి వెళ్ళిపోయారు. అయిదో ఆవుకే అర అడుగు జరిగింది. కాంక్రీటు వేసి నాలుగు మూలలా బోల్టులు పాతాం. నెలకోసారి వెల్డింగులను గుడ్డతో తుడిచి చూస్తాను. వెనక అడ్డకమ్మీ కొక్కెం దగ్గర ఒకసారి వెంట్రుకంత పగులు కనిపించింది. అది మాత్రం కంపెనీవాళ్ళు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. ట్రెవిస్ పక్కన మనిషి పక్కకు తిరిగి దూరగలిగేంత సందు, 35 నుంచి 40 సెంటీమీటర్లు, వదిలి పెట్టాం. పశువు ఎదురు తిరిగితే దూకడానికి గోడ ఎక్కనక్కర్లేదు. దాన్ని నేను రెండుసార్లు వాడుకున్నాను. రెండుసార్లూ కొత్తగా ఈనిన ఆవులే, దూడ అరుపు వినబడుతుండగా తల్లిని తోలాలని చూశాం. అలా చేయకూడదు. దూడను ముందు కనబడేలా పెడితే దాని వెనకే తల్లి వస్తుంది.

నా మార్కులడిగితే అయిదుకు నాలుగు ఇస్తాను. మీట, గొళ్ళెం బాగుంటే అయిదూ ఇచ్చేవాణ్ణి. వెనక గది తలుపు చేసినవాళ్ళెవరో వాళ్ళకు పశువుల దగ్గర పనిచేసిన అనుభవం ఉంది, మీట చేసినవాళ్ళకు లేదు. ఇదే మళ్ళీ కొంటావా అంటే, నిలువు పైపుల హెడ్ గేటుతో ఇస్తే కొంటాను. చుక్కావుకు పోయిన వారం చూడి పరీక్ష జరిగింది, మూడు నెలలు నిండాయి. లోపలికి దానంతట అదే నడిచి వెళ్ళింది. నేను ఇనుప పలకకు ఇవతల నిలబడి దాని మెడ గోకుతూ ఉన్నాను.

ఒక్కటే మిగిలింది. ఇది పెద్ద పశువుల కొలతకు చేసింది. పూర్తిగా బిగించినా చిన్న పెయ్యలకు వెడల్పే. లోపల వెనక్కి తిరిగిపోతాయి, వెనక్కి తిరిగిన పెయ్యను బయటికి తీయడం మహా ప్రమాదం. వచ్చే నెల పెయ్యలకు బ్రుసెల్లా టీకాలున్నాయి. ఈలోపు రెండు పక్కలా లోపలికి చెక్కలు బిగించి, వెడల్పు 45 సెంటీమీటర్లకు తేవాలని కొలతలు తీసి పెట్టుకున్నాను.